బూజు గింజ, కనపడని విషం

వేరుశెనగ వాడని ఇల్లు మన పల్లెల్లో చాలా అరుదు. రాయలసీమలో కొందరు శెనక్కాయలంటారు, కొందరు బుడ్డలంటారు. తెలంగాణలో పల్లీలంటారు. పేరు ఏదైనా గింజ ఒకటే. పచ్చడిలో వేస్తారు. పొడి కొడతారు. ఉడకబెట్టి పిల్లలకు పెడతారు. బెల్లంతో ఉండలు చుడతారు. గానుగ ఆడించి నూనె తీస్తారు. మిగిలిన చెక్కను పశువుకు పెడతారు.

వేరుశెనగ మంచి తిండి. బలమైన తిండి. మాంసం కొనలేని ఇంట్లో పిల్లలకు బలం ఇచ్చేది ఈ గింజే.

కాని ఈ గింజకు ఒక శత్రువు ఉంది. అది బూజు. మొక్కజొన్నకూ అదే శత్రువు. ఎండుమిరపకూ అదే శత్రువు. అన్ని బూజులూ ఒకటి కావు. అందులో ఒక రకం బూజు విషం తయారు చేస్తుంది. ఎండలు ముదిరి, వానలు గతి తప్పిన ఈ రోజుల్లో ఆ బూజుకు బలం పెరుగుతోంది. ఎందుకు? ఎలా? ఆడవాళ్లు ఏం చేయగలరు? ఒక్కొక్కటే తెలుసుకుందాం.

విషం పేరు ఏమిటి?

ఈ బూజు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది. మట్టిలో బతుకుతుంది. గాలిలో ఎగురుతుంది. గింజ మీద పడి, తేమ దొరికితే పెరుగుతుంది. పెరుగుతూ ఒక విషాన్ని వదులుతుంది.

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. పేరు పలకడం కష్టం. విడదీసి చదవండి. అ - ఫ్లా - టాక్సిన్.

దీని సంగతి లోకానికి 1960లో తెలిసింది. ఆ ఏడు ఇంగ్లండు దేశంలో పెంపుడు సీమకోళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. లక్ష దాకా పోయాయి. ఏ రోగమో ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి మేత మీద అనుమానం వచ్చింది. ఆ మేతలో వేరుశెనగ చెక్క ఉంది. చెక్కలో బూజు ఉంది. బూజులో ఈ విషం ఉంది.

మన దేశంలో ఏం జరిగింది?

1974వ సంవత్సరం. రాజస్థాన్‌లో బాంస్‌వాడా జిల్లా, దాని పక్కనే గుజరాత్‌లో పంచమహల్ జిల్లా. అక్కడి గిరిజనులకు మొక్కజొన్న రొట్టే ముఖ్యమైన తిండి. ఆ ఏడు పంట చేతికొచ్చే వేళ అకాల వాన కురిసింది. కంకులు తడిశాయి. సరిగ్గా ఆరలేదు. అలాగే ఇంట్లో నిలవ చేశారు. గింజలకు బూజు పట్టింది.

పారేద్దామంటే ఇంట్లో వేరే గింజ లేదు. కొందామంటే చేతిలో డబ్బు లేదు. బూజు గింజలనే విసిరి రొట్టెలు చేసుకున్నారు. వారాల తరబడి తిన్నారు.

మనుషులకు కళ్లు పచ్చబడ్డాయి. పొట్టలో నీరు చేరింది. కాళ్లు వాచాయి. ఆ ఇళ్లలో రొట్టె ముక్కలు తిన్న కుక్కలకు కూడా పొట్టలు ఉబ్బాయి. అవీ చచ్చిపోయాయి. దాదాపు 400 మంది జబ్బు పడ్డారు. 100 మందికి పైగా చనిపోయారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఊళ్లకు వెళ్లారు. ఇళ్లలోని మొక్కజొన్నను పరీక్ష చేశారు. అందులో అఫ్లాటాక్సిన్ చాలా ఎక్కువగా ఉందని తేల్చారు.

2004లో ఆఫ్రికాలోని కెన్యా దేశంలోనూ ఇదే జరిగింది. అక్కడా మొక్కజొన్నే. అక్కడా ఇంట్లో నిలవ ఉంచిన గింజే. 317 మందికి జబ్బు చేసింది. వారిలో 125 మంది చనిపోయారు.

విషం వదిలే బూజు ఇదొక్కటే కాదు. 1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని ఊళ్లలో జొన్న, మొక్కజొన్న వానకు తడిసి బూజు పట్టాయి. అవి తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడ విషం వదిలింది వేరే రకం బూజు.

మూడు చోట్లా కథ ఒకటే. గింజ తడిసింది. బూజు పట్టింది. వేరే దారి లేనివాళ్లు తిన్నారు.

ఒంటికి ఏం చేస్తుంది?

ఈ విషం ముందుగా కాలేయాన్ని పట్టుకుంటుంది. కాలేయం అంటే కార్జం. మనం తిన్నదాన్ని శుద్ధి చేసేది అదే.

విషం ఒకేసారి ఎక్కువ పోతే కామెర్లు వస్తాయి. పొట్ట ఉబ్బుతుంది. ప్రాణం పోవచ్చు. ఇలా జరగడం అరుదు.

విషం కొంచెం కొంచెంగా పోతే ఆ పూటకు ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. వాంతి రాదు. ఏళ్ల తరబడి అలా పోతూ ఉంటే కాలేయానికి కాన్సర్ రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ ఈ విషాన్ని మనిషికి కాన్సర్ తెచ్చేవాటి పట్టికలో పెట్టింది.

హెపటైటిస్-బి అనే కామెర్ల జబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. ఆ క్రిమి, ఈ విషం రెండూ కలిస్తే కాన్సర్ వచ్చే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ జబ్బుకు టీకా ఉంది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు మొదటి మోతాదు వేయించాలి. మళ్లీ 6, 10, 14 వారాలకు వేయించాలి. సర్కారు ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. టీకా వేయిస్తే ఇద్దరు శత్రువుల్లో ఒకరిని ముందే ఆపినట్టు.

పిల్లల సంగతి ఇంకొకటి ఉంది. ఈ విషం ఎక్కువగా పోయే పిల్లలు సరిగ్గా ఎదగడం లేదని ఆఫ్రికా దేశాల్లో శాస్త్రవేత్తలు గమనించారు. బిడ్డ గిడసబారడానికి తిండి చాలకపోవడం ఒక కారణం. తినే తిండి చెడ్డదై ఉండడం ఇంకో కారణం కావచ్చు.

అలాగని భయంతో వేరుశెనగ మానేయనక్కరలేదు. ఎప్పుడో ఒక చేదు గింజ నోట్లో పడితే ప్రాణం పోదు. వెంటనే ఉమ్మేసి నోరు కడుక్కోండి. రోజూ చెడ్డ గింజ తినడమే ప్రమాదం.

వాతావరణానికీ బూజుకూ ఏం సంబంధం?

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే ఒక రకం వాయువు వస్తుంది. అది గాలిలో చేరి భూమికి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. వేడి పైకి పోనివ్వదు. అందువల్ల 150 ఏళ్ల కిందటి కన్నా భూమి ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. లెక్కలు రాయడం మొదలుపెట్టాక అప్పటిదాకా వచ్చిన ఏళ్లన్నిట్లోకి 2024 వేడి ఏడు.

ఒక డిగ్రీ అంటే తక్కువే కదా అనిపిస్తుంది. కాని జ్వరం సంగతి ఆలోచించండి. ఒంట్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగితేనే మనిషి మంచం పడతాడు. భూమికీ అంతే.

భూమి వేడెక్కితే వాన తీరు మారుతుంది. వాన పడే రోజులు తగ్గుతాయి. మధ్యలో వారాల తరబడి చినుకు ఉండదు. పడ్డనాడు కుండపోతగా పడుతుంది. వేడెక్కిన సముద్రం నుంచి ఎక్కువ ఆవిరి లేస్తుంది కాబట్టి తుపాను వానలూ ముదురుతాయి.

ఇప్పుడు వేరుశెనగ చేనును చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లానే తీసుకోండి. అక్కడ వాన తక్కువ. ఖరీఫు పంట ఎక్కువగా వాన మీదే ఆధారం. చెట్టు పూసి, ఊడలు భూమిలోకి దిగి, కాయ కడుతుంది. సరిగ్గా అప్పుడు వాన ముఖం చాటేస్తుంది.

దాహంతో ఉన్న చెట్టు నీరసపడుతుంది. నీళ్లు అందే చెట్టు తన కాయలో బూజును ఎదిరించే మందును తానే తయారు చేసుకుంటుంది. నీళ్లు అందని చెట్టుకు ఆ శక్తి తగ్గిపోతుంది. మట్టి కాగిపోతుంది. కాయ తొక్క బీటలు వారుతుంది. చెదలు, పురుగులు తొక్కకు చిల్లులు పెడతాయి. మామూలు బూజులు ఆ వేడికి తట్టుకోలేవు. ఈ విషపు బూజుకు వేడంటే ఇష్టం. చిల్లులోంచి లోపలికి దూరుతుంది. కోతకు ముందు నాలుగైదు వారాలు ఎండ కాస్తే ముప్పు ఎక్కువ. అంటే విషం ఇంటికి వచ్చాక పుట్టేది మాత్రమే కాదు. చేలోనే మొదలవుతుంది.

తరువాత చెట్లు పెరికి కుప్ప వేస్తారు. అప్పుడు తుపాను వాన వస్తుంది. కుప్ప తడుస్తుంది. బూజుకు పండగే. ముందు ఎండ, వెనక వాన. రెండూ దానికే కలిసి వచ్చాయి.

చల్లని దేశాలకూ ఈ బాధ తప్పలేదు. యూరపులో ఒకప్పుడు ఈ విషం సంగతి పెద్దగా ఉండేది కాదు. 2012లో సెర్బియా దేశంలో ఎండలు కాశాయి, కరువు వచ్చింది. మొక్కజొన్నకు విషపు బూజు పట్టింది. ఆ మొక్కజొన్నను ఆవులకు మేపారు. 2013లో ఆ దేశంలో పాలలో విషం బయటపడింది. ఊరంతా పాలంటే భయపడింది.

వేడి పెంచినవాళ్లు ఎవరు? ఎక్కువగా పెద్ద దేశాల ఫ్యాక్టరీలు, కార్లు. చెడ్డ గింజ తినేవాళ్లు ఎవరు? కూలి ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. ఇది కూడా గుర్తుంచుకోవాల్సిన మాటే.

మంచిది అంగడికి, పుచ్చుది ఇంటికి

కాయలు వలిచేది ఎవరు? ఆడవాళ్లు. గింజలు ఏరేది ఎవరు? ఆడవాళ్లు. మంచి గింజ బస్తాకు ఎక్కుతుంది. అంగడికి పోతుంది. నొక్కు గింజలు, రంగు మారినవి, పురుగు తిన్నవి మూలన మిగులుతాయి. అవి ఎవరికి? ఇంటికి. లేదా కూలికి వచ్చిన ఆమె కొంగులోకి.

పంట తీశాక చేలో పరిగె ఏరుకుంటారు. భూమిలో మిగిలిపోయిన కాయలు తవ్వి తెచ్చుకుంటారు. అవి ఎక్కువ రోజులు మట్టిలో ఉన్న కాయలు. బూజు తగిలే అవకాశం వాటికే ఎక్కువ.

ఒక లెక్క చూడండి. ఒక బస్తాలో 40 కిలోల గింజలు ఉన్నాయనుకోండి. ఏరితే 2 కిలోలు చెడ్డవి తేలాయనుకోండి. విషంలో ఎక్కువ భాగం ఆ 2 కిలోల్లోనే ఉంటుంది. 38 కిలోలు కొన్నవారు సుఖంగా ఉంటారు. 2 కిలోలు ఇంటికి తెచ్చుకున్నవారు విషాన్ని తెచ్చుకున్నట్టు.

కొంచెమే కదా అనుకోవద్దు. మన దేశంలో చట్టం ఒక హద్దు పెట్టింది. మిల్లుకు పోయే వేరుశెనగలో, ధాన్యంలో కిలోకు 15 మైక్రోగ్రాముల విషం దాటకూడదు. అంటే ఒక గ్రాము విషాన్ని 650 క్వింటాళ్ల గింజల్లో కలిపినా ఆ హద్దు దాటుతుంది. అంత తక్కువతోనే ప్రమాదం మొదలవుతుంది.

కొందరు అనుకుంటారు, తినకపోతే పశువుకు వేయొచ్చు కదా అని. అత్తాకోడళ్ల మాట ఒకటి వినండి.

"అత్తా, ఈ పుచ్చు బుడ్డలు బర్రెకు ఏస్తా."

"వద్దే అమ్మీ. బర్రె తింటే మనకేమనుకున్యావా? సాయంత్రం పాలు యాడ పిండుతావు?"

"బర్రె కిందనే."

"ఆ పాలు ఎవరు తాగుతారు?"

"పాప."

"ఇంగ నేను చెప్పేదేముంది?"

అత్త మాట నిజం. పశువు తిన్న విషంలో కొంత భాగం రూపు మార్చుకుని ఒక రోజు లోపే పాలలోకి దిగుతుంది. పాలు కాచినా పోదు. మేత మార్చి మంచి మేత పెడితే కొద్ది రోజుల్లో పాలు బాగుపడతాయి. కోళ్లకు వేసినా నష్టమే. కోళ్లు నీరసపడతాయి. గుడ్లు తగ్గిపోతాయి.

చాలామంది అడిగే ప్రశ్నలు

బూజు కడిగేస్తే పోదా?
పైన కనిపించే బూజు పోతుంది. గింజ లోపలికి దిగిన విషం చాలా వరకు అలాగే ఉంటుంది.

వేయిస్తే, ఉడికిస్తే పోదా?
బూజు చస్తుంది. విషం మిగులుతుంది. మన పొయ్యి వేడికి అది పూర్తిగా విరగదు. ఇదే అసలు మోసం. వంట చేస్తే అన్ని క్రిములూ చస్తాయని తెలుసు. కాని ఇది క్రిమి కాదు, క్రిమి వదిలిన విషం.

బూజు కనపడకపోతే గింజ మంచిదేనా?
చాలావరకు మంచిదే. కాని ఒక్కోసారి బూజు రాలిపోయి విషం మిగిలి ఉండవచ్చు. అందుకే రంగు మారినవి, ముడతలు పడ్డవి, చిల్లులు ఉన్నవి కూడా ఏరేయాలి.

పొడి కొడితే?
పొడి చేశాక మంచి గింజ ఏదో, చెడ్డ గింజ ఏదో తెలియదు. అందుకే ముందు ఏరాలి, తరువాత కొట్టాలి. గానుగకు వేసే గింజలకూ ఇదే మాట.

ఏం చేయాలి? చేలో

1. వేరుశెనగ పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే తొక్క గట్టిపడుతుంది.
2. నీటి వసతి ఉంటే కాయ ఊరే దశలో ఒక తడి ఇవ్వాలి. ఆ ఒక్క తడి పంటనూ కాపాడుతుంది, ఒంటినీ కాపాడుతుంది.
3. పంట పండిన వెంటనే తీయాలి. ఆలస్యం చేస్తే బూజుకు వీలు ఇచ్చినట్టు.
4. చెట్లు పెరికాక కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి. కాయలు మట్టికి తగలకూడదు.
5. తీసేటప్పుడు పార తగిలి తెగిన కాయలను వేరుగా పెట్టాలి.

ఏం చేయాలి? కల్లంలో, ఇంట్లో

1. మట్టి మీద కాకుండా పట్ట మీద ఆరబోయాలి. మొక్కజొన్నకూ, మిరపకూ ఇదే పద్ధతి. సాయంత్రం కప్పాలి. మంచు తగలకూడదు.
2. తేలికగా వలవడానికి కాయల మీద నీళ్లు చల్లడం చాలా చోట్ల అలవాటు. అది మానుకోవాలి. ఆ తడే బూజును పిలుస్తుంది. చల్లక తప్పకపోతే గింజను మళ్లీ బాగా ఆరబెట్టాలి.
3. కాయ ఆరిందా లేదా? చెవి దగ్గర పెట్టి ఆడించండి. గలగలమంటే ఆరింది.
4. మొక్కజొన్న ఆరిందా లేదా? పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు పోయండి. రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేయండి. మూత పెట్టి బాగా ఆడించండి. పావుగంట ఆగండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో ఇంకా తడి ఉంది. మళ్లీ ఆరబెట్టండి.
5. బస్తాలను నేల మీద పెట్టొద్దు. చెక్కల మీద పెట్టండి. గోడకు ఒక అడుగు దూరం ఉంచండి. తడి గింజను ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు.
6. వండే ముందు ఏరండి. చెడ్డవాటిని చేనుకు దూరంగా గుంట తీసి పూడ్చండి. మనుషులకు వద్దు. పశువులకూ వద్దు.

కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, కాళ్లు వాచినా ఆకు పసరుతో ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో ఏ గింజ తిన్నారో డాక్టరుకు చెప్పాలి.

ఒక్కరి వల్ల అయ్యేవి, పదిమంది వల్ల అయ్యేవి

ఏరడం ఒక్కరి వల్ల అవుతుంది. ఆరబెట్టడానికి పట్ట కావాలి. ఒక ఇంటికి కొనడం బరువు. పొదుపు సంఘంలో పదిమంది కలిస్తే రెండు పట్టలు కొనవచ్చు. వంతులవారీగా వాడుకోవచ్చు.

ఊరికి సిమెంటు కల్లం కావాలని పంచాయతీలో అడగవచ్చు. గింజ పరీక్ష ఎక్కడ చేస్తారో వ్యవసాయ అధికారిని అడగవచ్చు. ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో కనిపెట్టే పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేశారు. పరీక్షలు ఉన్నాయి. అవి పల్లెదాకా రావాలంటే పల్లె అడగాలి.

కూలికి పోయే ఆడవాళ్లు ఇంకో మాట కూడా అడగవచ్చు. "కూలి కింద నొక్కు గింజలు మాకొద్దు. డబ్బు ఇవ్వండి. గింజలే ఇస్తే మంచివి ఇవ్వండి." ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఆరోగ్యం కోసం అడిగే న్యాయమైన మాట.

ఎండను ఆడవాళ్లు ఆపలేరు. తుపానును ఆపలేరు. గింజను తడవకుండా చూడగలరు. తడిసినదాన్ని పిల్లల నోటికి పోకుండా ఆపగలరు.

గుర్తుంచుకోండి

కడిగినా విషం పోదు.
వేయించినా విషం పోదు.
ఆరబెడితే విషం పుట్టదు.
ఏరితే చాలావరకు పోతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో నొక్కు గింజలు ఎవరు తింటున్నారు?
2. కాయలు వలిచేటప్పుడు నీళ్లు చల్లుతున్నారా? ఎందుకు?
3. మీ చిన్నప్పటి వానలకూ ఇప్పటి వానలకూ ఏం తేడా ఉంది? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.
4. మీ సంఘం పట్టలు కొనాలంటే ఒక్కొక్కరు ఎంత వేసుకోవాలి? లెక్క కట్టండి.